పాత హైబ్రిడ్ కారులో టకటక శబ్దమా? మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఫోన్‌లో రికార్డ్ చేయండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే చోట కారు ఇంజిన్ గొడవేంటి అనుకోవద్దు. ఇందులో వాడేవన్నీ మన వస్తువులే: ఫోన్ మైక్, బ్లూటూత్ డాంగిల్, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న ఎండోస్కోప్ కెమెరా. పైగా మన హైటెక్ సిటీ ఆఫీసుల బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఇప్పుడు సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్లు బాగానే కనిపిస్తున్నాయి. 2010లో మన దేశానికి వచ్చిన టయోటా ప్రియస్, 2013లో వచ్చిన క్యామ్రీ హైబ్రిడ్ లాంటివి. కొత్తలో పాతిక లక్షలు దాటిన బండి ఇప్పుడు చిన్న హ్యాచ్‌బ్యాక్ రేటుకి వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. చిక్కంతా ఆ ఇంజిన్ శబ్దం మొదలైన రోజునే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పాత హైబ్రిడ్‌లో నాకింగ్ లాంటి శబ్దం వస్తే, చేతిలో రికార్డింగ్, ఓబీడీ డేటా లేకుండా ఎవరు ‘ఇంజిన్ పోయింది’ అన్నా నమ్మకండి. ఇంజిన్ మార్చడానికి అస్సలు ఒప్పుకోకండి.

మామూలు పెట్రోల్ కారు అయితే గ్యారేజీకి వెళ్లేసరికి ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది, మెకానిక్ బానెట్ ఎత్తి వింటాడు. హైబ్రిడ్ అలా కాదు. కొండాపూర్‌లో పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టకటకలాడిన బండి, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో వేడెక్కి, గ్యారేజీ గేటు దగ్గరికి బ్యాటరీ మీద సైలెంట్‌గా చేరుతుంది. “ఏం సౌండ్ సార్, ఏం లేదే” అంటాడు. అతని తప్పు కాదు. సాక్ష్యం దారిలోనే మాయమైంది. ఇంకో సంగతి, ఒక సిలిండర్ సరిగా పనిచేయకపోయినా ఎలక్ట్రిక్ మోటార్ ఆ లోటు చాలావరకు పూడ్చేస్తుంది. అందుకే ‘పికప్ బాగానే ఉంది కదా’ అనేది హైబ్రిడ్ విషయంలో రుజువు కాదు.

శబ్దం ఎలా ఉందనే దానికంటే ముందు, ఎప్పుడు వస్తుందో చూడాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఇంజిన్ వేడిగా ఉండి లోడ్ పడినప్పుడు సన్నగా గలగలమంటే అది అసలైన నాకింగ్, అంటే ఇంధనం టైమ్‌కి ముందే పేలడం. రాత్రంతా ఆపిన బండి పొద్దున మొదటి అర నిమిషం వణికి, టకటకలాడి, తర్వాత మామూలైపోతే అది ఎక్కువగా మిస్‌ఫైర్. మూడో తరం ప్రియస్ 1.8 లీటర్ ఇంజిన్‌కి ఇది ప్రపంచమంతా తెలిసిన జబ్బు. ఈజీఆర్ కూలర్‌లో మసి పేరుకుంటుంది, కాలక్రమంలో హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటుంది, రాత్రిపూట కూలెంట్ చుక్కలు సిలిండర్‌లోకి దిగుతాయి. పొద్దున ఆ సిలిండర్ సరిగా మండదు. ఆ కుదుపులకి ఇంజిన్‌కి, ట్రాన్సాక్సిల్‌కి మధ్య ఉండే స్ప్రింగ్ డ్యాంపర్ కొట్టుకుని, రాడ్ విరిగిందేమో అనిపించేంత శబ్దం చేస్తుంది.

ఈ20 పెట్రోల్ వల్లే నాకింగ్ అని వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా నడుస్తోంది కదా. పాత బండికి ఈ20తో మైలేజ్ తగ్గడం, రబ్బరు భాగాల మన్నిక లాంటి సందేహాలు న్యాయమైనవే. కానీ నాకింగ్ మాత్రం లెక్కకు ఎదురుగా ఉంది. మామూలు పెట్రోల్ ఆక్టేన్ 91 అయితే ఈ20 ప్రమాణం 95. ఆక్టేన్ పెరిగితే నాకింగ్ తగ్గాలి గానీ పెరగకూడదు.

ఇక రికార్డింగ్. రాత్రి పార్క్ చేసిన బండిని పొద్దున ముట్టుకోకముందే ఫోన్ రెడీ చేసుకోండి. ఐఫోన్‌లో వాయిస్ మెమోస్ ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కి మార్చండి. ఆండ్రాయిడ్‌లో వ్యావ్ ఫార్మాట్‌లో సేవ్ చేసే ఏదైనా యాప్ తీసుకుని నాయిస్ తగ్గించే ఆప్షన్లు ఆపేయండి. వాట్సాప్ వాయిస్ నోట్ మాత్రం వద్దు, మాట వినపడితే చాలన్నట్టు సౌండ్‌ని పిండేస్తుంది. ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి.

ఆ ఫైల్‌ని ఆడాసిటీ లాంటి ఎడిటర్‌లో తెరిస్తే అసలు మజా మొదలవుతుంది. ఇంజిన్ 1,200 ఆర్‌పీఎంలో ఉందనుకుందాం. అంటే సెకనుకి 20 చుట్లు. దెబ్బకీ దెబ్బకీ మధ్య 50 మిల్లీసెకన్లు ఉంటే ప్రతి చుట్టుకీ ఒకటి పడుతోంది, క్రాంక్ వైపు అనుమానించాలి. 100 మిల్లీసెకన్లు ఉంటే రెండు చుట్లకి ఒకటి, అంటే ఒక్క సిలిండర్ మిస్‌ఫైర్ గానీ వాల్వ్‌ల వైపు సమస్య గానీ కావచ్చు. అసలైన నాకింగ్ అయితే వేరే కథ. 80.5 మిల్లీమీటర్ల బోర్ ఉన్న ఈ ఇంజిన్‌లో అది దాదాపు 7 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది, స్పెక్ట్రమ్‌లో చూడొచ్చు. ఇది కోర్టు తీర్పు కాదు, దారి చూపించే గుర్తు మాత్రమే. ‘ఇంజిన్ సౌండ్ వినిపించండి, ఏఐ జబ్బు చెప్తుంది’ అనే యాప్‌లకి మాత్రం నేను దూరం. ఏ సిలిండర్, ఎంత ఆర్‌పీఎం, ఎంత వేడి అనేవి తెలియకుండా ఒక్క క్లిప్ విని శాతాల్లో జవాబు చెప్పేది జాతకంతో సమానం.

ఆ వివరాలన్నీ కారు దగ్గరే ఉన్నాయి. ఈఎల్ఎం327 డాంగిల్‌ని స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌లో పెట్టి, కార్ స్కానర్ గానీ టార్క్ గానీ తెరవండి. ఐఫోన్ వాళ్లు బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై ఉన్న డాంగిల్ చూసుకోవాలి, పాత బ్లూటూత్ డాంగిళ్లు వీటిలో పనిచేయవు. పీ0301 నుంచి పీ0304 వరకు కోడ్‌లు వస్తే ఒకటి నుంచి నాలుగు సిలిండర్లలో ఏది మిస్ అవుతుందో తెలిసిపోతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలగకముందే మిస్‌ఫైర్ కౌంట్ పెరగడం కూడా చాలాసార్లు కనిపిస్తుంది. పీ0325 అయితే నాక్ సెన్సర్ సర్క్యూట్ మీదే అనుమానం.

మా టీమ్‌లో ఒకబ్బాయి 2011 ప్రియస్ కొన్నాడు. ఊళ్లో ఒక గ్యారేజీ వాళ్లు మొదట “బెల్ట్ సౌండ్” అన్నారు. మూడో తరం ప్రియస్ ఇంజిన్‌కి బయట బెల్టే ఉండదు, వాటర్ పంప్, ఏసీ కంప్రెసర్ రెండూ కరెంటుతోనే తిరుగుతాయి. ఆ మాట చెప్తే, “అయితే రాడ్ నాకింగ్ సార్, ఇంజిన్ మార్చాలి” అన్నారు. వాడు నాకు ఫోన్ చేసి, “అన్నా, అమ్మేయనా?” అని అడిగాడు. రికార్డింగ్ పంపమన్నాను. దెబ్బల మధ్య దూరం దాదాపు 100 మిల్లీసెకన్లు. డాంగిల్‌లో మిస్‌ఫైర్లన్నీ ఒకటో సిలిండర్‌వే. కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గి ఉంది. వేరే మెకానిక్ స్పార్క్ ప్లగ్‌లు తీసి ఫోన్‌కి తగిలించిన ఎండోస్కోప్ కెమెరా లోపలికి పంపితే మూడు పిస్టన్లు మసితో నల్లగా, ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. కూలింగ్ సిస్టమ్‌కి రాత్రంతా ప్రెజర్ పెట్టి చూస్తే పొద్దునకి ఆ సిలిండర్‌లో తడి. హెడ్ గ్యాస్కెట్ మార్చి, ఈజీఆర్ కూలర్ శుభ్రం చేశారు. ఇంజిన్ అదే. ఇలాగే నెట్టుకొచ్చి ఉంటే కూలెంట్ నిండిన సిలిండర్‌లో ఒకరోజు కనెక్టింగ్ రాడ్ నిజంగానే వంగేది.

ఒక జాగ్రత్త. రెడీ లైట్ వెలుగుతుంటే ఇంజిన్ ఆగి ఉన్నా ఏ క్షణంలోనైనా తిరుగుతుంది, కాబట్టి బానెట్ కింద చేతులు పెట్టకండి. ఆరెంజ్ కేబుళ్లలో వోల్టేజ్ 650 దాకా వెళ్తుంది. ప్లగ్‌లు తీయడం హైబ్రిడ్ తెలిసిన మెకానిక్ పని.

నాకు కోపం తెప్పించేది కంపెనీల తీరు. డ్యాష్‌బోర్డ్ మీద బ్యాటరీ నుంచి చక్రాలకి బాణాల యానిమేషన్ చూపిస్తారు, మిస్‌ఫైర్ కౌంట్ మాత్రం చూపించరు. ఫోన్ బ్యాటరీ హెల్త్ సెట్టింగ్స్‌లో కనిపించాలని మనం గొడవ చేస్తున్నాం కదా, కారు దగ్గర ఎందుకు ఊరుకోవాలి? 2022 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో మొబైళ్లతో పాటు ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. సిలిండర్ల వారీ లెక్క ఓనర్ స్క్రీన్ మీదే కనిపించాలని అడగడం దురాశ కాదు.

పాత హైబ్రిడ్ కొనడానికి వెళ్తుంటే ఓనర్‌కి ముందే చెప్పండి, రాత్రి నుంచి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు పొద్దున వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే రికార్డింగ్ ఆన్ చేసి స్టార్ట్ చేయమనండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతుంటే ప్రియస్‌లో మెయింటెనెన్స్ మోడ్ ఉంది: బ్రేక్ తొక్కకుండా పవర్ ఆన్ చేసి, నిమిషం లోపు పీలో రెండుసార్లు, ఎన్‌లో రెండుసార్లు, మళ్లీ పీలో రెండుసార్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, తర్వాత బ్రేక్ తొక్కి స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఆగకుండా నడుస్తుంది. మొదటి రెండు నిమిషాలు పూర్తిగా రికార్డ్ అయ్యాకే రేటు మాట్లాడండి.