జాడీలో కాదు, కంచంలో తగ్గిద్దాం

అఫ్జల్‌గంజ్ పక్కనున్న బేగంబజారులో కారం, ఆవాలు, నూనె టోకున కొని, ఇరుగుపొరుగువారు కలిసి ఆవకాయ పెట్టుకోవడం చక్కని పొదుపు. పెద్దల చేతి కొలత పిల్లలకు అందుతుంది. ఒంటరి వృద్ధులకు ఆ పూట నలుగురి తోడు దొరుకుతుంది. వైద్యుడిగా నేను దానినీ ఔషధంగానే భావిస్తాను.

అయితే, రక్తపోటు ఉన్నదని జాడీలో ఉప్పు తగ్గించకండి. ఊరగాయను నిలువ ఉంచేవి ఉప్పు, పులుపు, పైన తేలే నూనె. ఉప్పు చాలకపోయినా, తడి గరిటె తగిలినా బూజు పడుతుంది. పట్టినంత మేర తీసివేసి మిగిలినది తినడం క్షేమం కాదు.

పెద్దలకు రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూర, పప్పు, చారులోని ఉప్పు కూడా ఆ లెక్కలోనిదే. కనుక తగ్గించవలసినది కంచంలో వడ్డించుకునే ముక్కలను. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యుని అడిగి పరిమితి నిర్ణయించుకోవాలి.

ఒక్కో ఇంటికి ఒక్కో పెద్ద జాడీ ఎందుకు? ఒకే జాడీని నాలుగిళ్ళవారు పంచుకుంటే పొదుపూ, మితమూ రెండూ కుదురుతాయి.