మేనేజరు వెర్రితనమా? యాజమాన్య విధానమా?

సూరత్ నగరంలోని నవాగామ్‌లో తెలుగు నేత కార్మికుల కుటుంబాలు అనేకం నివసిస్తున్నాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుండి తరాల క్రితమే వలస వచ్చినవారు వీరు. పగటి షిఫ్టు దిగి వచ్చిన కొందరు కార్మికులతో ఒక రాత్రి మేము అక్కడ సమావేశమయ్యాము. చర్చ ముగిసిన పిమ్మట ఒక యువకుడు తన ఫోనులో ‘ది ఆఫీస్’ అనే హిందీ హాస్య ధారావాహికను పెట్టాడు. పనిచేసేవారి కథ కదా అని మేమూ ఆసక్తితోనే కూర్చున్నాము. రెండు భాగాలు గడిచాక ఒక సాంచాల కార్మికుడు, “అంతా మంచిగనే ఉందన్నా, గని వీళ్లకు జీతమెంత? డ్యూటీ ఎన్ని గంటలు?” అని అడిగాడు. మేము చూసినంత వరకు ఆ ధారావాహికలో దీనికి సమాధానం లేదు.

ఈ కథకు మూలం 2001లో బ్రిటన్‌లో బి.బి.సి. ప్రసారం చేసిన ధారావాహిక. రికీ జెర్వే, స్టీఫెన్ మర్చంట్ దానిని సృష్టించారు. స్లౌ పట్టణంలోని ఒక కాగితపు కంపెనీ శాఖా కార్యాలయం దాని రంగస్థలం. అందులోని నవ్వు అడుగున ఒక భయం వున్నది: శాఖ వుంటుందా, ఎవరి ఉద్యోగం పోతుంది? రెండవ విడత చివరకు ఆ డాంబికుడైన మేనేజరే ఉద్యోగం కోల్పోతాడు. 2005లో మొదలైన అమెరికన్ రూపంలో గిడ్డంగి కార్మికులు యూనియన్ మాట ఎత్తగానే, శాఖనే మూసివేయవలసి వస్తుందని పై అధికారిణి వచ్చి బెదిరిస్తుంది. అటువంటి బెదిరింపు మనకు కొత్త కాదు.

2019 జూన్‌లో హాట్‌స్టార్ విడుదల చేసిన భారతీయ రూపం ఇదే చట్రాన్ని తెచ్చుకున్నది. విల్కిన్స్ చావ్లా అనే కాగితపు కంపెనీ, దాని ఫరీదాబాద్ శాఖ, ముకుల్ చడ్డా నటించిన జగ్దీప్ చడ్డా అనే మేనేజరు. నటులను మేము తప్పుపట్టడం లేదు. కథను ఫరీదాబాద్ వంటి పారిశ్రామిక నగరంలో పెట్టి కూడా, ఆ నగరపు శ్రమజీవిని గుమ్మం బయటే నిలబెట్టారన్నదే మా అభ్యంతరం. కష్టమంతా మేనేజరు వెర్రితనం నుండే పుడుతుంది. దానికి ఉద్యోగి చేయగలిగిన ప్రతిఘటన అల్లా కెమెరా వైపు ఒక చూపు చూడటమే!

ఈ నవ్వు నేర్పే పాఠమేమిటి? మేనేజరు మంచివాడైతే చాలు, అంతా సవ్యంగా వుంటుందని. గుజరాత్ అనుభవం వేరు. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ద్వారా కర్మాగారాలలో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటల వరకు పని చేయించుకోవచ్చునన్నది. అదనపు గంటలకు చట్టం ఇచ్చిన రెట్టింపు వేతనాన్ని తీసివేసింది. ఇది ఏ మేనేజరు వెర్రితనం? గుజరాత్ మజ్దూర్ సభ, ట్రేడ్ యూనియన్ సెంటర్ ఆఫ్ ఇండియా సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2020 అక్టోబరు 1న కోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టివేసి, అదనపు వేతనం చెల్లించాలని ఆదేశించింది. కెమెరా వైపు చూపులు కాదు, సంఘాలు సాధించిన తీర్పు అది. అయినా 2025లో అదే ప్రభుత్వం ఆర్డినెన్సుతో మళ్ళీ 12 గంటల రోజుకు తలుపు తెరిచింది. కర్మాగారాలలో తొలగింపులకు ప్రభుత్వ అనుమతి అవసరమయ్యే పరిమితిని 100 మంది నుండి 300 మందికి పెంచిన పారిశ్రామిక సంబంధాల కోడు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇవన్నీ విధానాలు. మేనేజర్లు మారినంత మాత్రాన ఇవి మారవు.

“హాస్యంలో కూడా రాజకీయమేనా?” అని కొందరు మిత్రులు అడగవచ్చు. మన బుర్రకథను చూడండి. కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరొక పక్క రాజకీయం చెప్పే వంత నిలబడతారు. ప్రజానాట్యమండలి ఈ ఇద్దరినీ వెంటబెట్టుకొనే పల్లెపల్లెకూ వెళ్ళింది. జనం నవ్వారు, ఆలోచించారు. 1936లో చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’లో, భోజన విరామాన్ని ఆదా చేయడానికి కార్మికుడి నోటిలో తిండి కుక్కే యంత్రాన్ని చూపించాడు. దానిని చూసి నవ్వేవాడికి ఆ యంత్రం ఎవరి లాభం కోసమో చెప్పనక్కరలేదు. మనం చూసిన ధారావాహిక ఒక వంతను వుంచుకొని రెండవవాడిని ఇంటికి పంపించింది.

నవ్వును తయారు చేసేవారు కూడా కార్మికులేనని మరువరాదు. 2023లో అమెరికా రచయితల సంఘం 148 రోజులు సమ్మె చేసింది. స్ట్రీమింగ్ కంపెనీల నుండి తమకు న్యాయంగా రావలసిన ప్రతిఫలం కూడా వారి కోర్కెలలో ఒకటి. ఇక్కడ అటువంటి కథలు రాసేవారు మన శత్రువులు కారు. వారు మన పక్కన నిలబడవలసినవారు.

కనుక మన శాఖలు కేవలం ఫిర్యాదుతో ఆగరాదు. ప్రతి కార్మికవాడలో యువకులు తమ షిఫ్టును, తమ సేటును, తమ మీటరు కూలిని గురించి స్వయంగా హాస్యం రాయాలి, ఆడాలి, అవే ఫోనులలో చిత్రించాలి. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు అని నవాగామ్ కార్మికుడు వేసిన ప్రశ్న ఆ కథలకు తొలి వాక్యం కావాలి.