సరోవరశిలలును శిలాతైలమును

శిలాతైలము లేనిదే బండి కదలని యీ కాలమున, ఎచ్చటనో నూనెరాళ్లు బయల్పడినవను వార్త వెలువడినంతనే జనులు లక్షలకోట్ల లెక్కలు వేయ నారంభింతురు. మనము వాడు ముడిచమురులో ఐదింట నాలుగు పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది గాన ఈ యాతురత సహజమే. కాని రాతియందు నూనెకు మూలమగు పదార్థముండుట వేఱు. ఆ రాయి నిజముగ నూనెను కనుట వేఱు. ఈ భేదమును మఱచి పండుగ చేసికొనుట ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మనుటయే.

ఈ రాళ్ల పుట్టుక నించుక తెలిసికొనవలెను. ప్రాచీనసరస్సులలో సూక్ష్మమైన నాచు పెరిగి, చచ్చి, అడుగున బడెను. అడుగునీటిలో ప్రాణవాయువు లేనిచోట నది నశింపక, బురదతో గలిసి పొరలుపొరలుగా పేరుకొని షేలురాయి యయ్యెను. అందలి సేంద్రియపదార్థమునకు కెరోజెనని పేరు. అది నూనె కాదు. భూగర్భమున సుమారు 60 మొదలు 120 డిగ్రీల వేడిమిలో లక్షలయేండ్లు కాగిన పిదపనే నూనె యగును.

కావున న్యాయస్థానమునందువలె ఇచ్చటను ముగ్గురు సాక్షులను విచారింపవలెను. మొదటిది పరిమాణము: రాతిలో కర్బనము నూటికెంత? రెండవది జాతి: ఆ కర్బనముతో ఉదజని యెంత కలిసియున్నది? నాచునుండి పుట్టిన కెరోజెనులో ఉదజని మెండు గాన నూనె యధికము. ఒడ్డునుండి కొట్టుకొనివచ్చిన చెట్ల పదార్థమునుండి సహజవాయువే యెక్కువ. మూడవది పాకము: ఆ రాయి యెంత వేడిమి ననుభవించెను? మొదటి యిద్దరు గట్టిగ పలికినను మూడవ సాక్షి లేనిదే తీర్పు చెప్పరాదు. సరస్సుశిలల విషయమున తడబడునదియు నీ సాక్షియే. పాకమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు చూచు విట్రినైటు చెట్లకలపనుండి పుట్టునది. నాచురాళ్లలో నది యరుదు, ఉన్నను పాకమును తక్కువగ చూపుట కలదు. అందుచే ఒక్క కొలతను నమ్మి నిర్ణయించుట ప్రమాదము.

అమెరికాలోని గ్రీన్ రివర్ శిలలే యిందుకు నిదర్శనము. సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట కొలరాడో, యూటా, వయోమింగు ప్రాంతముల సరస్సులలో నివి యేర్పడినవి. కొలరాడోలోని పిసియాన్సు పల్లమునందే ఒకటిన్నర లక్ష కోట్ల పీపాల నూనెకు సరిపడు పదార్థము గలదని ఆ దేశపు భూగర్భ పరిశోధనశాఖ 2009లో అంచనా వేసెను. లాభసాటిగ తీయగలిగిన దెంతయో ఆ యంచనా చెప్పలేదు. అచ్చటి రాయి చాలినంత కాగలేదు. త్రవ్వి, మూసిన కొలిమిలో సుమారు 500 డిగ్రీలకు కాచిననే నూనె వచ్చును. ఆ పనికి పూనిన ఎక్సాన్ సంస్థ 1982 మే 2న కాలనీ కర్మాగారమును నిలిపివేయగా రెండువేలకు మించిన పనివారు వీధిని బడిరి. పొరుగున యూటాలోని యువింటా పల్లమున అవే శిలలు వేల యడుగుల లోతునకు దిగి తమంత తామే కాగినవి. అచ్చటి బావులనుండి నేటికిని ముడిచమురు వచ్చుచున్నది. రాయి యొక్కటే, పాకము వేఱు.

అట్లని సరస్సులను తృణీకరించుటయు తప్పే. సముద్రశిలలే నూనెకు పుట్టినిండ్లను నమ్మకము ప్రబలియున్న కాలమున, 1941లో, చైనా శాస్త్రజ్ఞుడు పాన్ ఝోంగ్‌సియాంగ్ తన దేశపు శిలలను పరిశీలించి, సముద్రసంబంధము లేనిచోటను నూనె పుట్టునని వ్రాసెను. 1959లో బయల్పడిన డాచింగు క్షేత్రము ఆ వాదమును నిలబెట్టెను. మన రాజస్థానమున బార్మేరునందు 2004లో దొరకిన మంగళాక్షేత్రపు నూనెయు సరస్సుషేలునుండి పుట్టినదే. మైనము మెండుగ నుండి చల్లబడినంతనే గడ్డకట్టు నా నూనెను వేడిచేయబడు గొట్టములద్వారా గుజరాతునకు పంపుచున్నారు. ఇట్టి మైనము సరస్సునూనెలకు సామాన్యలక్షణము.

కాబట్టి ఇకమీద నూనెరాళ్ల వార్త వినవచ్చినప్పుడు ప్రజలు మూడు ప్రశ్న లడుగవలెను: ఎంత? ఏ జాతి? ఎంతవఱకు కాగినది? లోతుబావులనుండి తీసిన రాతితునకల పరీక్షాఫలితములను ప్రకటింపుడని కోరవలెను. భూమిలో నున్నదానిని చేతికి వచ్చుదానితో కలిపి చెప్పు ప్రకటనలను నమ్మరాదు. గనికిని కర్మాగారమునకును అగు వ్యయముతో పోల్చిన పరీక్షల వ్యయ మత్యల్పము. భూగర్భనిక్షేపములు జాతిసొత్తు, ఆ సొత్తు లెక్క సరిగా తెలిసికొన్న పిదపనే ప్రజాధనమును దానిపై నొడ్డుట న్యాయము.