పంపు ఎక్కడున్నది, సిస్టర్?

రాత్రి డ్యూటీ సిస్టరు 30 మంది రోగులను విడిచి ఒక ఇన్ఫ్యూజన్ పంపు కోసం వార్డు వార్డూ తిరగడం మన ఆసుపత్రులలో కొత్త కాదు. ఇస్తే మళ్ళీ రాదని పంపును బీరువాలో దాచుకునే వార్డులూ లేకపోలేదు. అందుచేత పరికరాలకు వైర్‌లెస్ ట్యాగులు తగిలించాలన్న ఆలోచనను మేము సమర్థిస్తున్నాము. బ్యాటరీ ఉన్న ట్యాగు తానే సంకేతాలు పంపుతుంది. రిసీవర్లు వాటిని అందుకొని, అది ఏ గదిలో ఉన్నదో కంప్యూటరులో చూపుతాయి. బ్యాటరీ లేనిదైతే రీడరు దగ్గరకు వచ్చినప్పుడే తెలుస్తుంది.

అయితే ఐ.సి.యు.లో తొందర పనికిరాదు. 2008లో ప్రచురితమైన ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధనలో ఇటువంటి ఆర్.ఎఫ్.ఐ.డి. పరికరాలను 41 వైద్య యంత్రాల దగ్గర, రోగులెవరూ లేకుండా, 123 సార్లు పరీక్షించారు. 34 సార్లు యంత్రాల పనికి ఆటంకం కలిగింది. వాటిలో 22 ప్రమాదకరమైనవి. సిరంజి పంపులు పూర్తిగా ఆగిపోయాయి, వెంటిలేటరు కూడా. కొనేముందు మన యంత్రాల దగ్గర మన ఇంజనీరు చేత అలాగే పరీక్ష చేయించాలి.

రోగుల విషయం వేరు. పసిబిడ్డలకు, దారి తప్పే వృద్ధులకు ట్యాగు మంచిదే, ఇంటివారికి చెప్పి కట్టాలి. సిస్టర్లకు కడతామంటే మాత్రం ఒప్పుకోము. మేము వెతుకుతున్నది పంపును! ఇక పంపును తుడిచారా, ఛార్జింగు ఉన్నదా అన్నది ట్యాగు చెప్పదు. ఆ రిజిస్టరు రాయడం మానవద్దు.