పైన పటారం, లోన లొటారం

డెట్రాయిట్ ఊరి కింద సుమారు 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. మిషిగన్‌లో మంచు పడగానే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు చిమ్మీ చిమ్మీ నా పదకొండేళ్ళ కారు బ్రేకు క్యాలిపర్లు చక్రాల సందుల్లోంచి బెల్లం రంగులో కనిపించేవి. "అసహ్యంగా ఉన్నాయండీ" అని మా ఆవిడ. సరే, ఎర్ర రంగేద్దామని 900 డిగ్రీల ఫారెన్‌హీట్ తట్టుకునే పెయింటు డబ్బా తెచ్చాను.

"నీ గంట రేటెంత? మెకానిక్కి పడెయ్యక!" అన్నాడు ఆఫీసులో ఒక మిత్రుడు. శనివారానికి నేనెవరికి బిల్లు పంపుతాను గురూ?

క్యాలిపర్ విప్పకుండానే చుట్టూ టేపేసి గంటలో రంగు పూసెయ్యమని చాలామంది చెప్తారు. నేనొప్పుకోను. విప్పాను కాబట్టే తెలిసింది: బయటి ప్యాడు సగం ఉంది, లోపలిది ఇనుముదాకా అరిగిపోయింది! ఈ రకం క్యాలిపర్లో పిస్టన్ లోపలి ప్యాడుని నొక్కుతుంది. తర్వాత క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడుని లాగుతుంది. నా కారుకి కింది పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. బయటినుంచి చూస్తే కనిపించేది బాగున్న ప్యాడే. వచ్చే నెలనుంచి మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకోబోయేది ఈ కారులోనే.

మొన్న టైర్లు మార్చినవాళ్ళు చెప్పొద్దా అని తిట్టుకున్నాను. అయినా నేనడిగింది టైర్లు మార్చమనేగా. విజయవాడ ఆటోనగర్లో నాన్న మెకానిక్ పక్కనే నిలబడి ప్రతి నట్టూ చూసేవారు. ఇక్కడేమో కస్టమర్లు లోపలికి రాకూడదని బోర్డు. చూడాలంటే మనమే విప్పుకోవాలి.

విప్పేవాళ్ళకి కొన్ని మాటలు. జాకీని నమ్మకండి, స్టాండు పెట్టండి. ముందు బ్రేకు క్లీనర్‌తో తడిపి, తర్వాతే వైరు బ్రష్షుతో గీకండి. ఆ దుమ్ము పొడిగా లేపకూడదు. విడిగా అమ్మే ప్యాడ్లలో ఆస్బెస్టాస్‌కి అమెరికాలో నిషేధం వచ్చింది 2024లో మాత్రమే. క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడదియ్యకండి, తీగతో కట్టండి. పిస్టన్ మీద, రబ్బరు తొడుగుల మీద, పిన్నుల మీద రంగు పడకూడదు. తొడుగు చిరిగిందంటే రంగు మాటే వద్దు, క్యాలిపరే మార్చండి.

నేను రెండువైపులా కొత్త ప్యాడ్లు, కొత్త పిన్నులు వేసి సిలికాన్ గ్రీజు పూశాను. ఎర్ర డబ్బా వాపసిచ్చి నలుపు వేశాను. మెరిపించాలన్న సరదా పోయింది.

అంతా బిగించాక, కారు కదపకముందు అమ్మాయిచేత బ్రేకు తొక్కించాను. మొదటిసారి పెడలు నేలకంటింది, దాని మొహం చూడాలి! నాలుగోసారికి గట్టిపడింది.