ఫ్రెంచి గణతంత్రమును గూల్చినవారెవరు?

నెపోలియను బోనపార్టు కేవలము ఖడ్గబలముచే ఫ్రెంచి గణతంత్రమును రూపుమాపి సామ్రాజ్యమును స్థాపించెనని విద్యార్థులలో ననేకులు తలంచుచుందురు. పరీక్షలలో నీ సమాధానమునకు మార్కులు దొరకవచ్చును గాని, మేము దీనితో నేకీభవింపజాలము. అతడు ప్రవేశించుటకు మునుపే ద్వారము తెఱచి యుంచినవారు గలరు. వారు ఆ గణతంత్రమునకు కావలివారుగా నియమింపబడినవారే.

1789 జూలై 14వ తేదీని బాస్టిలు కోట పడినప్పుడు అందున్న ఖైదీలు ఏడుగురే. కాని రాజు చిత్తమే శాసనమను భావము ఆ కోటతో కూలనారంభించెను. ఆగస్టులో ప్రభువర్గమువారి ప్రత్యేకాధికారములు రద్దయ్యెను. మానవహక్కుల ప్రకటన వెలువడెను. 1792లో గణతంత్ర స్థాపనము, 1793 జనవరిలో పదునాఱవ లూయీ శిరశ్ఛేదము, పిదప భీకరపాలనము, 1794 జూలైలో రొబెస్పియరు పతనము, ఇవి యెల్ల రెఱిగినవే. మేము చెప్పదలచినది తరువాతి యైదేండ్లను గూర్చి. పాఠ్యపుస్తకములు వానిని ఒక్క పుటలో దాటిపోవును.

1795 నాటి రాజ్యాంగము ఐదుగురు డైరెక్టర్లను, రెండు శాసనసభలను ఏర్పఱచెను. ఏ యొక్కడును నిరంకుశుడు కాకుండుటకే యీ యేర్పాటు. అయినను, క్రొత్త సభ్యులలో మూడింట రెండు వంతులు పాత సభవారే యుండవలెనని ఆ పాత సభవారే తీర్మానించుకొనిరి! ఇందులకు పారిసునందు కొందఱు తిరుగబడగా, అక్టోబరు 5వ తేదీని వారిని ఫిరంగులతో నణచిరి. ఆ ఫిరంగులను నడపిన యువసేనాని బోనపార్టు.

1797 ఎన్నికలలో రాజపక్షపాతులు హెచ్చుగా గెలిచిరి. డైరెక్టర్లలో మువ్వురు సెప్టెంబరు 4వ తేదీని సైన్యమును రప్పించి, 49 జిల్లాల యెన్నికలను రద్దు చేయించిరి. అందులకు ఓజిరో యను సేనానిని ఇటలీనుండి పంపినవాడును బోనపార్టే. మరుసటి యేడు జాకోబినులు గెలువగా, వారిలో నూఱుమందికి పైగా సభాప్రవేశము లేకపోయెను. రాజు మరల వచ్చినచో విప్లవఫలము లెల్ల నశించునన్న డైరెక్టర్ల భయము నిరాధారమని మేమనము. కాని తాను వేసిన వోటు ఇటైనను అటైనను చెల్లదని తెలిసిన గృహస్థుడు ఆ రాజ్యాంగమును ఏల గౌరవించును? అప్పటికే కాగితపు ద్రవ్యము విలువ కోల్పోయి యుండెను. యుద్ధమునకు అంతము లేదు.

కావుననే 1799 నవంబరు 10వ తేదీని సెయింటుక్లూ భవనమునందు సైనికులు బాయొనెట్లతో ఐదువందలవారి సభను తఱిమివేయగా, పారిసు నగరము కదలలేదు. ఆ సభాధ్యక్షుడు బోనపార్టు తమ్ముడైన లూసియెను. 1800లో క్రొత్త రాజ్యాంగమునకు ముప్పది లక్షలమంది సమ్మతించిరనియు, కాదన్నవారు 1,562 మంది మాత్రమే యనియు ప్రకటించిరి. సమ్మతించినవారి సంఖ్యను లూసియెను మంత్రిత్వశాఖయే దాదాపు రెట్టింపు చేసెనని తరువాతి పరిశోధకులు తేల్చిరి. నిజమైన లెక్కయు గెలుపే; దానిని పెంచవలసిన యవసరమేమో!

నెపోలియను విప్లవము నంతటిని తుడిచివేయలేదు. 1804 నాటి ధర్మశాస్త్రము పురుషులకు చట్టము నెదుట సమానత్వమును నిలిపెను. కాని 1794లో రద్దయిన బానిసత్వమును 1802లో వలసరాజ్యములందు మరల నెలకొల్పినవాడును అతడే. 1804 డిసెంబరు 2వ తేదీని పోపు సమక్షమున తన చేతులతోనే కిరీటమును ధరించెను. అటు పిమ్మట 1808 వఱకును ఫ్రెంచి నాణెములపై ఒక ప్రక్క నెపోలియను చక్రవర్తి యనియు, రెండవ ప్రక్క ఫ్రెంచి గణతంత్రమనియు ముద్రింపబడుచునే యుండెను.