కంపెనీ కౌలు, రైతు కౌలు

కౌలు అను మాట మన మెట్టపొలములలో తెలియనివారు లేరు. సొంతచెక్క చాలక పరుల చేనిలో ప్రత్తియు మిరపయు వేయువారు మనలో పలువురు. గొప్ప కంపెనీలును భూమిని కౌలునకే పుచ్చుకొనుచున్నవి. ఈ రెండు కౌళ్లను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడని సభ్యులను కోరుచున్నాను.

హైదరాబాదునకు ఉత్తరమున, శామీరుపేట చెంత తుర్కపల్లిలో 200 ఎకరముల పరిశోధనాపార్కు గలదు. 1999లో ఐసీఐసీఐ సంస్థయు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును కలిసి దానిని నెలకొల్పినవి. నేడు దానిని ఐకేపీ యందురు. ఔషధముల పరిశోధన చేయు సంస్థలు అచ్చట ప్రయోగశాలలు అద్దెకు గొనును. మన మంగళగిరి ఐటీ పార్కునందే, కంపెనీలకు భూములు కేటాయించు ఏపీఐఐసీ ప్రధాన కార్యాలయమున్నది.

ఇట్టిచోట స్థలము కోరు కంపెనీ తాను చేయబోవు పనిని, పెట్టుబడిని, కావలసిన నీటిని, కరెంటును వ్రాసి దరఖాస్తు పెట్టును. విచారణయైన పిమ్మట కేటాయింపు ఉత్తరువు, ఆపై కౌలుపత్రము. గడువెంత, అద్దె ఎన్నేండ్లకెంత పెరుగును, కట్టడమెప్పటిలోగా లేపవలెను, ఇతరులకు మార్చుటకెవరి సమ్మతి వలయును, గడువు తీరిన పిదప కట్టడమెవరిది, అన్నియు అందు వ్రాయుదురు. ఏడాదికి మించిన కౌలుపత్రమును 1908 నాటి చట్టము ననుసరించి రిజిస్టరు చేయింపవలెను. భూమి తనది కాకున్నను, యజమాని యొప్పుకొన్నచో, ఆ పత్రమును చూపియే కంపెనీ బ్యాంకులో అప్పు తెచ్చుకొనును. పనిచేయక చోటును ఖాళీగా నుంచువానినుండి భూమిని మరల తీసికొను షరతును పెట్టుదురు. ఆ షరతు అమలుకాని చోట్ల తుమ్మకంపయే పరిశ్రమ!

మన కౌలు అరుగుమీది నోటిమాట. కల్లములో మిరపకాయ తడిసి తాలైనను మక్తా తగ్గదు. చెరువుమట్టి తోలి చేనిని బాగుచేసిన మూడవయేటనే అది వేరొకరి పాలగును. 1882 నాటి ఆస్తిబదిలీ చట్టములోని కౌలు నిబంధనలు, ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, సేద్యపు కౌళ్లకు వర్తింపవు. 2011లో రుణార్హత కార్డుల చట్టము వచ్చెను. 2019 నాటి చట్టము 11 నెలల వ్రాతపూర్వకమైన ఒప్పందమును చెప్పినది. దానికి ఆసామి సంతకము కావలెను. ఆ సంతకమే దొరకదు.

ఆసాములను నిందించుట సులభము. 1956 నాటి కౌలుదారీ చట్టముతో, కౌలుదారు పాతుకొనునను భయము వారి మనసులలో నాటుకొన్నది. అయితే 2019 చట్టము కౌలుదారునకు పంటపైననే హక్కు నిచ్చును; భూమిపై కాదు. పదుల యేండ్ల కౌలునకు భూమి నిచ్చిన సర్కారునకు లేని భయము, 11 నెలలకు చేనినిచ్చు ఆసామికేల?

నా మట్టుకు 11 నెలలును చాలవు. ఏటేట మారు చేనికి పశువుల యెరువు తోలు వెఱ్ఱివాడెవడు? కనీసము మూడేండ్ల పత్రము కావలెను. సంఘపాలకవర్గమువారు నమూనాపత్రమొకటి అచ్చువేయించి, ఉగాదికి ముందే ఉభయులను పిలిపించి, తాము సాక్షులుగా నుండి వ్రాయించిన మేలు. అందు మక్తాతోపాటు, వానకో తెగులునకో పంట పోయిన యేట ఎంత తగ్గింపవలెనో, తోలిన మట్టికి విలువ యెట్లు కట్టవలెనో తప్పక చేర్పవలెను.